పాత గొర్రు, కొత్త విత్తనం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, కంప్యూటర్ గురించి అందరికీ అర్థమయ్యేటట్లు పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ అన్నింటినీ అదుపులో పెట్టే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ ఎక్కువ భాగం సీ భాషలో ఉంటుంది. దాన్ని యంత్రానికి తెలిసే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. మన మడకశిర పక్క చెప్పాలంటే కెర్నల్ విత్తనం, కంపైలర్ గొర్రు. లావు గింజ పాత గొర్రు గొట్టంలో ఇరుక్కుంటే మనం గింజనే తిడతాం.

2022లో బెంగళూరులో మా సర్వర్ల మీద సెంటాస్ 7 ఉండేది. 2014లో వచ్చిన సిస్టమ్ అది; దాంతో వచ్చే జీసీసీ కంపైలర్ 4.8.5. దాని మీద 5.15 కెర్నల్ బిల్డ్ చేయాలి. మొదట్లోనే ఆగింది: కంపైలర్ పాతది, కనీసం 5.1 కావాలి అని. ఆ అంకె ఒక చిన్న స్క్రిప్టులో ఉంటుంది. అర్ధరాత్రి దాటింది, తెల్లారేసరికి పని కావాలి. ఆ అంకెను నేనే దిద్ది ముందుకు పోయాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక తెర నిండా ఎర్రర్లు. అన్నీ ఒకే హెడర్ ఫైలును చూపిస్తున్నాయి. సోర్సు దించి మా ప్యాచ్ వేసింది నా కింద కొత్తగా చేరిన అబ్బాయి, మన అగళి పక్క వాడే. "ఫైలు చెడగొట్టినావు" అని అందరి ముందూ అరిచాను. వాడు రెండుసార్లు సోర్సు మళ్లీ దించాడు. అదే ఎర్రర్. రెండో రోజు సాయంత్రం మెల్లగా, "అన్నా, ఒకసారి జీసీసీ వెర్షన్ చూడన్నా" అన్నాడు.

ఫైలులో ఏ తప్పూ లేదు. ఫలానా సదుపాయం నీకు ఉందా అని కంపైలర్‌నే అడిగే పద్ధతి జీసీసీ 5తో వచ్చింది. పాత కంపైలర్లకోసం పెట్టిన ఏర్పాటును 5.15లో తీసేశారు. మా 4.8.5కు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

మందు చాలా చిన్నది. సిస్టమ్ కంపైలర్‌ను కదిలించకుండా, డెవ్‌టూల్‌సెట్‌తో కొత్త జీసీసీని పక్కన పెట్టుకున్నాం. నేను దిద్దిన అంకెను మళ్లీ సరిచేశాను. మేక్ క్లీన్‌తో పాత ముక్కలు ఊడ్చి మొదటినుంచి బిల్డ్ చేశాం. బయటి నెట్‌వర్క్ డ్రైవర్‌ను కూడా అదే కంపైలర్‌తో చేశాం.

అయినా బిల్డ్ పూర్తయితే చాలనుకునేవాళ్లకు ఇంకో మాట. 2018 జనవరిలో స్పెక్టర్ లోపం బయటపడ్డప్పుడు 4.15 కెర్నల్‌లో రెట్‌పోలిన్ అనే రక్షణ పెట్టారు. దానికి కంపైలర్ సాయం కూడా కావాలి. పాత కంపైలర్‌తో కెర్నల్ బిల్డ్ అయ్యేది, ఒక హెచ్చరిక మాత్రం వచ్చేది, రక్షణ అరకొరగానే ఉండేది. ఆ ఏడాది చివర 4.20లో ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చి బిల్డ్‌నే ఆపేశారు. అట్లాంటి తనిఖీనే నేను పీకేసింది!

ఆ అబ్బాయి ఈ బడిలోనే చదివాడు, ఇప్పుడు వెనక వరసలో కూర్చున్నాడు. అంకె దిద్దింది నేనని వాడికి ఆ రోజే తెలిసింది, ఆఫీసులో మిగతావాళ్లకు చెప్పలేదు. అరిచింది అందరి ముందు కాబట్టి, ఇది కూడా అందరి ముందే చెబుతున్నాను: తప్పు నాదే, తమ్ముడూ.