పొరుగుచేని వైపు చూపు

(పర్చూరులో పఠనమందిర సభ్యుల సమక్షమున చేసిన ప్రసంగము)



సుఖమునకు ధనమే మూలమని లోకులందురు. మన నల్లరేగడి సీమలో ప్రత్తియు, మిరపయు ధనము నిచ్చుటయు గలదు, హరించుటయు గలదు. కాని ధనము వచ్చిన యేటను నిద్రపట్టనివారిని, పోయిన యేటను నిబ్బరముగా నిలిచినవారిని మనమెల్లర మెరుగుదుము. ఈ భేదమునకు కారణము కొంతవరకు ప్రతిదినమును మనస్సు నడచు చిన్న దారులలో నున్నది. అట్టివి మూడింటిని మీ యెదుట నుంచెదను.

మొదటిది, గడచిన యేటినే రాబోవు యేడని భ్రమించుట. మిరపధర వినబడునది వేసవిలో. నారు పోయునది వానకారున. కాయ కల్లమునకు వచ్చునది మరుసటి మాఘఫాల్గుణములలో. నడుమ నెందరు మిరప వేసిరో లెక్కించువారు లేరు. 2016లో ధర బాగుగా నున్నదని ఊరూర మిరపయే వేసిరి. 2017 వేసవికి గుంటూరు యార్డున టిక్కీలు పేరుకొని ధర కూలిపోయెను.

రెండవది, మన సుఖమును, మన భయమును పొరుగుచేనితో తూచుట. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిపై తెల్లదోమ విరుచుకుపడెను. పొరుగువాడు కొట్టినాడని మందు మీద మందు కొట్టిరి. ఆ మందులు దోమను తినెడు మిత్రపురుగులను చంపగా దోమ మరింత ప్రబలెను. ఆకు త్రిప్పి చూచి, దోమను లెక్కించి, అవసరమున్ననే మందు వాడుమని నేటి సస్యరక్షణశాస్త్రము చెప్పుచున్నది. మనస్సునకును ఇదియే నీతి.

మూడవది, అన్నిటికంటె క్రూరమైనది: నష్టమును పరువుపేర దాచుట. ఆ యేడే అనేకులు ప్రత్తిరైతులు అప్పులపాలై ప్రాణములు తీసికొనిరి. దోషము వారి మనస్సుదే యనుట మహాపాపము. కౌలు, వడ్డీ, ధర నిర్దయములై యున్నప్పుడు ధైర్యము బోధించి చేతులు దులుపుకొనుట నీచము. ప్రభుత్వమును, బ్యాంకులను అడుగవలసినది అడిగియే తీరవలయును. కాని అడుగుటకైనను ముందు నోరు విప్పవలయును గదా! తానొక్కడే యోడితినని ప్రతివాడును తలుపులు మూసికొన్న ఊరిలో, ఓడనివాడెవడో ఎవరికి తెలియును?

పొరుగువానిని చూచుట స్వతః దోషము కాదు. 1922లో మనకు చేరువనున్న పెదనందిపాడు ఫిర్కా రైతులు, పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున, దొరతనమునకు పన్నులు చెల్లింపక నిలిచిరి. గ్రామోద్యోగులు పదవులు వదలిరి. వారును పొరుగింటినే చూచిరి. అయితే అసూయతో గాదు, నమ్మకముతో. జప్తుభయము ఊరందరిదియు నగుటచే ఏ యింటికిని అది సిగ్గు గాలేదు.

కావున మీరు చేయవలసినది స్వల్పము. సాయంకాలము పది నిమిషములు ఖర్చును, అరువును, వడ్డీని స్వహస్తముతో వ్రాయుడు. ఆ పుస్తకము ఇంటి యిల్లాలికి చూపుడు. విత్తుటకు ముందే ఎవరేమి వేయుదురో రచ్చబండ వద్ద చెప్పుకొనుడు. దుకాణదారునకును, ఉద్యోగికిని, పరీక్షకు కూర్చుండు బాలునకును ఈ లెక్కయే చెల్లును.

పొరుగున నెవడైన నాలుగు దినములుగా వీథిలోనికి రాకున్నచో, వాని పంట యెంతయని అడుగకుడు. వాని గడప త్రొక్కి, వానితో కూర్చుండుడు. ఆ యొక్క యలవాటు ఒక ప్రాణమును నిలుపవచ్చును.