అంగళ్ళ మిద్దెకు ఏ కప్పు తగును?

(బరంపురములోని తెలుగువారి సంఘ సర్వసభ్య సమావేశమున ఒక కట్టడముల ఇంజనీరు చేసిన ఉపన్యాసము. ఇతర పట్టణములలోని మన సంఘములకును ఉపయోగపడునని ఇచట ప్రకటించుచున్నాము.)

 

సంఘమునకు చెందిన అంగళ్ళ వరుసపై మిద్దెను మరల బాగుచేయింపవలయునని కార్యవర్గమువారు నిశ్చయించి, ఏ పదార్థముతో చేయించుట మేలో సభ్యులకు వివరింపుమని నన్ను కోరిరి. ఆ అంగళ్ళపై వచ్చు అద్దెతోనే మన పఠనాలయమును, పిల్లల సాయంకాలపు తెలుగు తరగతులును నడచుచున్నవి. పఠనాలయము ఆ వరుస చివర గదిలోనే యున్నది. అంగడిలో పట్టుచీర తడిసినచో వర్తకునకు నష్టము. అతడు మరుసటి నెల వేరొక అంగడి చూచుకొనును. పఠనాలయములోని పాత తెలుగు పుస్తకము తడిసినచో దానికి మారు ఈ యూరి బజారులో దొరకదు. కావున ఇది పైకి తాపీపని విషయముగా కన్పట్టినను సంఘపు మనుగడకు సంబంధించినదే.

కార్యవర్గమునకు మూడు అంచనాలు వచ్చినవి. ఇటుక జల్లి, సున్నము కలిపిన కాంక్రీటు వేయుదుమని ఒకరు, తారు పొర పరచుదుమని ఒకరు, యంత్రముతో అతికెడు తెల్లని ప్లాస్టికు పొర వేయుదుమని మరియొకరు వ్రాసినారు. మూడింటిలో ఏది మంచిదని అందరును అడుగుచున్నారు. నేను మనవి చేయునది ఒక్కటే. పదార్థము నిర్ణయము చివర జరుగవలసిన పని. స్లాబు బలము, వాలు, నీటి దారి, అంచుల కట్టు అను నాలుగింటిని ముందు తేల్చుకొన్నచో తగిన పదార్థమేదో తానే తేలును. వీనిని విడిచి పదార్థపు పేరు చూచి కొన్నవారు ఎంత ఖరీదు పెట్టినను మరల మరల మేస్త్రీని పిలువవలసివచ్చును.

ఒక యూరి మిద్దె మరియొక యూరికి పనికిరాదనుట మన పెద్దలకు తెలియని సంగతి కాదు. బళ్ళారి, అనంతపురము ప్రాంతములలో మట్టి మిద్దెలపై చౌడు మన్ను పరచెడివారు. ఆ మన్నులోని సోడియపు లవణముల వలన వాన తగిలినంతనే అది మెత్తబడి, సందులను పూడ్చి, నీటిని దిగనీయదు. వాన తక్కువైన సీమలో అది చాలును. మన తీరపు తుపాను వానకు కొట్టుకొనిపోవును. చెన్నపట్టణమున వేరొక పద్ధతి పుట్టినది. టేకు దూలములపై ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నముతో పేర్చి, దానిపై ఇటుక జల్లి కాంక్రీటు పోసి, బెల్లపు నీరును కరక్కాయ నీరును చల్లుచు కొయ్య సుత్తులతో దినముల తరబడి మెత్తి, ఆపై పలుచని పెంకులు పరచెడివారు. మద్రాసు టెర్రసు అని పేరుపొందిన మిద్దె ఇదియే. నేడు వచ్చిన మొదటి అంచనా దాని సంతతిలోనిదే.

ఇక మన మిద్దెకు శత్రువులెవరో చూతము. వారు నలుగురు: ఎండ, వాన, గాలి, ఉప్పు.

ఎండ సంగతి. నల్లని మిద్దె పైభాగము వేసవి మధ్యాహ్నమున 60 డిగ్రీలు దాటుట కలదు. రాత్రి చల్లబడును. కాంక్రీటు వేడికి సాగి, చలికి ముడుచుకొనును. 20 మీటర్ల పొడవుగల స్లాబు 30 డిగ్రీల మార్పునకు సుమారు 6 మిల్లీమీటర్లు కదలును. ప్రతి దినమును ఈ కదలిక యుండుట చేత బిగుసుకొనిపోయిన పొర పిట్టగోడ మొదట పగులును. పై పొర తెలుపైనచో వేడి తగ్గును, కదలికయు తగ్గును, క్రింది అంగడిలో ఉక్కయు తగ్గును. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించి ప్రభుత్వ, వాణిజ్య భవనములకు దానిని తప్పనిసరి చేయుటకు కారణమిదియే. షోలాపురమున, బళ్ళారిలోనున్న మన సోదరులకు గాలికంటె ఎండయే పెద్ద శత్రువు గనుక, వారు తెలుపునకే మొదటి స్థానమీయవలయును. అయితే తెలుపు దుమ్ముపట్టిన కొలది పనిచేయుట తగ్గును, ఏటేట కడుగవలయును.

వాన సంగతి లెక్కతో చెప్పుదును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు నీరు. మన అంగళ్ళ మిద్దె 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అనగా 300 చదరపు మీటర్లు. తుపానునాడు గంటలో 100 మిల్లీమీటర్లు కురిసినచో 30,000 లీటర్లు దిగవలయును. అనగా నిమిషమునకు 500 లీటర్లు. ఇపుడు మన మిద్దెకు రెండే గొట్టములున్నవి. వానిలో ఒకదాని నోట ఒక్క ప్లాస్టికు సంచి అడ్డుపడెనా, నీరు నిలుచును. పది సెంటీమీటర్ల లోతు నీరు మిద్దెయంతటను నిలిచినచో దాని బరువు 30 టన్నులు. ఏ పొరయు ఆ బరువును తగ్గింపజాలదు. కావున వాలు నూటికి ఒకటికి తక్కువ కారాదు. మనవంటి భారీ వర్షపు చోట అరువదికి ఒకటి యుండుట మేలు. గొట్టములు పెంచవలయును. అవి మూసుకొనిపోయినను నీరు వెలికి పోవునట్లు పిట్టగోడలో కొంచెము ఎత్తున అదనపు తూములు విడువవలయును. ఆ తూము నుండి నీరు పడుట కంటబడినపుడే, క్రింద గొట్టము మూసుకొన్నదని అంగడివారికి తెలియును.

మూడవది గాలి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి పైలిన్ తుపాను మన గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. గాలి వేగము గంటకు 200 కిలోమీటర్లు మించినది. మరుసటి యేడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమున దాటినది. గాలి మిద్దెను పైనుండి అణచునని పలువురు తలంతురు. జరుగునది అందుకు విరుద్ధము. గోడకు కొట్టిన గాలి పైకి లేచి, మిద్దె అంచును విడిచి దూకునపుడు, మిద్దెపై పీల్పు పుట్టును. కప్పును పైకి లాగునది ఆ పీల్పే.

భారత ప్రమాణముల ఐ.యస్. 875 మూడవ భాగము ప్రకారము బెంగుళూరునకు మూల వేగము సెకనుకు 33 మీటర్లు. చెన్నపట్టణమునకు, విశాఖపట్టణమునకు 50 మీటర్లు. మన తీరమును ఆ కోవలోనిదే. గాలి ఒత్తిడి వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక, బెంగుళూరి గాలికంటె మన గాలి రెండింతలకు మించి బలమైనది. 50 మీటర్ల వేగమునకు ఒత్తిడి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువునకు సమానము. మిద్దె నడుమ పీల్పు దీనికంటె తక్కువగానే యుండును. మూలలలో దీనికి రెండింతల వరకు పోవును. పొర లేచుట ఎప్పుడును మూలనుండియే మొదలగును. బెంగుళూరిలో చక్కగా నిలిచిన పనిని చూచి వచ్చి, అదే బిగింపుతో ఇచట వేయించుట తగదనుటకు ఇదియే హేతువు. యానాములోని వారికిని ఈ మాట వర్తించును.

నాలుగవది ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు, పగుళ్ళలో దిగిన నీటితోకూడ స్లాబులోని ఇనుప చువ్వలను చేరును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును లోపలినుండి పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. మన అంగళ్ళలో రెండింటి లోకప్పున పెచ్చులు రాలిన చోట్లు నేను చూచితిని. అట్టి స్లాబుపై ఎంత ఖరీదైన పొర వేసినను రోగిపై పట్టుశాలువ కప్పినట్లగును. తుప్పును గీకి, చువ్వలను బాగుచేసి, ఆ పిమ్మటనే పైపని ముట్టవలయును.

ఇపుడు మూడు అంచనాలను ఈ తులనో తూచుదము.

సున్నపు జల్లి కాంక్రీటునకు బరువే గుణము, బరువే దోషము. 10 సెంటీమీటర్ల మందమునకు చదరపు మీటరునకు సుమారు 190 కిలోలు తూగును. గాలికి లేవదు, వాలును తానే యిచ్చును, ఎండను స్లాబు దాక దిగనీయదు. కాని స్లాబు ఆ బరువును మోయగలదా యని ముందు తేలవలయును. పాత పొరను తీయకుండ దానిపైననే వేయుట ఎంతమాత్రమును కూడదు. మెత్తుట తెలిసిన మేస్త్రీలు నేడు అరుదు. అది తెలియనివారు చేసినచో అది నీటిని పీల్చు దూదివలె నగును.

రెండవది తారు పొర. నేటి తారు పొరలు పూర్వపు తారు ఫెల్టువంటివి కావు. పాలిమరు కలిపి, నడుమ బట్టవంటి ఆధారముంచి చేయుదురు. మంటతో కాచి స్లాబునకు పూర్తిగా అంటించినచో అంచుల యందును గట్టిగా పట్టును. మరమ్మతు చేయువారు ఈ యూరనే దొరకుదురు. అయితే నల్లని పొర ఎండకు ఎండి పెళుసగును. పైన తెల్లని పెంకు ముక్కలో, తెల్లని పూతయో తప్పక వేయవలయును. మంటతో చేయు పని గనుక, క్రింద పట్టుబట్టల అంగళ్ళున్నపుడు నీటి బకెట్లు, ఇసుక దగ్గరనుంచుకొని చేయింపవలయును.

మూడవది తెల్లని పొర. పి.వి.సి. యైనను టి.పి.ఓ. యైనను వేడిగాలితో అతుకులను కరగించి కలుపుదురు. సరిగా కలిపిన అతుకు పొరయంత గట్టిగా నుండును. బరువు చదరపు మీటరునకు సుమారు రెండు కిలోలే గనుక స్లాబునకు భారము లేదు. కాని ఆ తేలికతనమే గాలికి లోకువ. 150 కిలోల పీల్పును రెండు కిలోల పొర ఎదుర్కొనునా? ఎదుర్కొనునది దానిని పట్టియుంచు జిగురును, మరలును. అవి మూలలలో దగ్గరదగ్గరగా నుండవలయును. మరలు తుప్పుపట్టని ఉక్కువి కావలయును. పి.వి.సి. పొర పాత తారుకు నేరుగా తగిలినచో అందలి మెత్తదనము హరించి పగులును. నడుమ వేరొక పొర ఉండి తీరవలయును. యంత్రముతో అతికించువారు దూరపు నగరమునుండి రావలసినచో, చిన్న చిరుగునకును నెలల తరబడి వేచియుండవలసివచ్చును.

కావున నా సలహా ఇది. ముందుగా స్లాబును పరీక్షింపజేయుడు. బలముగా నున్నదని తేలినచో పాత పొరనంతయు తీయించి, వాలు సవరించి, తారు పొరను పూర్తిగా అంటించి, పైన తెల్లని పెంకు ముక్కలు వేయించుడు. ఈ యూరి పనివారు దీనిని చేయగలరు, మరమ్మతు చేయగలరు. బలహీనమని తేలినచో, బాగుచేయించిన పిదప, వాలుగా కోసిన తేలిక బోర్డులపై తెల్లని పొరయే శరణ్యము. అపుడు మూలల బిగింపు లెక్కను వ్రాతపూర్వకముగా అడిగి తీసుకొనుడు. సున్నపు జల్లి కాంక్రీటు ఉత్తమమే యైనను, చేయువాని చేతిపని చూడక ఒప్పుకొనకుడు.

ఒడంబడికలో నాలుగు మాటలుండవలయును. పిట్టగోడ మొదలు మూలను గుండ్రముగా పూసి, పొరను గోడపైకి 30 సెంటీమీటర్లు ఎక్కించి, గాడిలో బిగింపవలయును. పైన పెంకు వేయుటకు ముందే గొట్టములు మూసి, 5 సెంటీమీటర్ల నీరు రెండు దినములు నిలిపి చూపవలయును. స్లాబు బరువునకు ఓర్చునని తేలిన పిదపనే ఈ పరీక్ష చేయునది. మూడవది, పూచీ కాగితమున మిద్దె మధ్య భాగమే కాక అంచులును గొట్టపు నోళ్ళును చేరియుండవలయును. నాలుగవది, పని జనవరి మొదలు మే లోపల ముగియవలయును. నేను చెప్పిన మూడు తుపానులును అక్టోబరు 11, 12 తేదీలలోనే తీరము దాటినవని మరువకుడు.

పని ముగిసిన పిమ్మట మనవంతు మిగులును. జూను ఆరంభమున ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, ఇద్దరు సభ్యులు నిచ్చెన వేసికొని పైకెక్కి గొట్టపు నోళ్ళు శుభ్రపరచి, మూలలను తడివి చూడవలయును. నీటి తొట్టెకో, పెండ్లి పందిరికో, ప్రకటన పలకకో మిద్దెకు ఎవరును రంధ్రము వేయరాదని అద్దెకున్నవారి పత్రములలో వ్రాయవలయును. దీనికి డబ్బు పట్టదు, శ్రద్ధయే పట్టును. చవుక అంచనాను చూచి వెంటనే సంతకము చేయక, స్లాబు పరీక్షకగు స్వల్ప వ్యయమునకు నేడే తీర్మానింపుడని సభవారిని ప్రార్థించుచున్నాను. మన పుస్తకములపై నీటిచుక్క పడకుండుటకు తొలి మెట్టు అదియే.