తల్లుల చేతి వాసన
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

 

మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుండి ఈ షోలాపురానికి తరలివచ్చిన మన పెద్దలు నెలకొల్పిన తెలుగు బడికి నేడు 75 సంవత్సరాలు నిండాయి. ఈ శుభవేళ పొగాకు ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చు. కాని మన ఇండ్లలో మగవారి మగ్గం కూలికి తోడై పొయ్యి వెలిగించినది ఆడవారి బీడీ కూలియే. అటువంటి ఇండ్లలో మాదీ ఒకటి.

మా అమ్మ చేట ఒడిలో పెట్టుకొని, తడిపిన తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టి, వేయి బీడీలు పూర్తయ్యాకనే నడుము వాల్చేది. బాగులేవని కార్ఖానాలో తీసివేసిన వాటికి కూలి దక్కేది కాదు. నా పుస్తకాలు, పరీక్ష రుసుము ఆ వేళ్ళు సంపాదించినవే. ఏనాడూ పొగ త్రాగని ఆమె జీవితాంతం పొగాకు ధూళి పీల్చింది. కనుక పొగాకును నిందిస్తానే గాని, బీడీలు చుట్టిన చేతులను నిందించలేను.

పెద్దలమైన మేము నిర్దోషులం కాము. నా బాల్యంలో పిల్లలను పంపి సిగరెట్లు తెప్పించుకున్న ఉపాధ్యాయులున్నారు. అది తప్పని ఎవరికీ తోచలేదు. విద్యాసంస్థలకు 100 గజాలలోపు పొగాకు అమ్మరాదని, 18 ఏండ్లు నిండనివారికి అసలే అమ్మరాదని 2003లో కేంద్ర చట్టం వచ్చింది. అయినను 2019 నాటి జాతీయ సర్వేలో 13 నుండి 15 ఏండ్ల విద్యార్థులలో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. చట్టం దుకాణాన్ని దూరంగా ఉంచగలదు. స్నేహితుడు చాచిన చేతిని ఆపవలసినది మీరే.

ఇటీవల మన పదవ తరగతి బాలుడొకడు అటువంటి చేతిని కాదన్నాడు. కారణం అడిగితే, “టీచర్, అన్నం కలిపి పెట్టేటప్పుడు కూడా మా అమ్మ చేతులు పొగాకు వాసనే వేస్తాయి. ఆ వాసనను మళ్ళీ డబ్బిచ్చి కొనాలా?” అన్నాడు. ముప్పై ఏండ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ మాటే పాఠమైంది.

నాయనలారా, అమ్మలారా! “ఒక్కసారికి ఏమవుతుంది?” అన్న మాటతోనే ఈ వ్యసనం మొదలవుతుంది. పొగాకులోని నికోటిన్ ఆ ఒక్కసారిని నిత్యకృత్యం చేస్తుంది. బీడీ గాని, గుట్కా గాని, పండ్లకు రుద్దే మిశ్రీ గాని, రూపమే వేరు, విషం ఒక్కటే. ఇదివరకే అలవాటు పడినవారు భయపడక నా గదికి రండి. దండించను, నలుగురిలో పేరు చెప్పను. మానడానికి వైద్యుని వద్దకు నేనే వెంట వస్తాను.

పొగాకును కాదనడం తల్లి కష్టానికి కృతఘ్నత కాదు. తన బిడ్డ ఆ చేట ముందు కూర్చోరాదనే ఆ తల్లి మిమ్ము ఈ బడికి పంపింది. ఆమె కోరిక నెరవేర్చండి. అదే ఈ ఉత్సవానికి మీరిచ్చే కానుక.

సెలవు.