అద్దాల ఫ్రిజ్‌లో మన సరుకు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల అంశంపై ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

నన్ను మాట్లాడమని పోయిన వారమే చెప్పినారు. ఏం మాట్లాడాలక్కా అని అడిగితే, ఈసారి ఐదారు ఊళ్ల నుంచి కూల్‌డ్రింక్ అంగడికే లోను అడుగుతున్నారు, నీ ఫ్రిజ్ కథ చెప్పు చాలు అన్నారు. కథ అంటే నవ్వొచ్చింది గానీ, ఆ ఫ్రిజ్ మీద నేను పోగొట్టుకున్న లెక్క తలచుకుంటే కథే అది.

మా అంగడి బస్టాండుకు ఎదురుగా ఉంది. అటు కర్నూలు పోయే బస్సులు, ఇటు అనంతపురం పోయే బస్సులు మా ముందర ఐదు నిమిషాలు ఆగుతాయి. ఆ ఐదు నిమిషాలే నా వ్యాపారం. దిగినోళ్లు నలుగురైతే, కిటికీలో నుంచి చూసేవాళ్లు నలభై మంది. వాళ్ల కంటికి ఏది కనపడితే అది అమ్ముడుపోతుంది. ఇది నాకు అర్థం కావడానికి మూడు ఎండాకాలాలు పట్టింది.

మొదట్లో ఒక కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు ఫ్రిజ్ ఇచ్చినారు. ఎర్రగా మెరుస్తా, లోపల లైటుతో, పైన పెద్ద బోర్డుతో వచ్చింది. ఊరికే ఇచ్చినారని వీధంతా చెప్పుకున్నాను. డిపాజిట్ కట్టి, ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం పెట్టినాను. చదివించుకోలేదు. అందులో ఏముందంటే, వాళ్ల సరుకు తప్ప వేరేది లోపల పెట్టకూడదు. మా అత్త చేతి నన్నారి షర్బత్తు, మజ్జిగ నేను కింది అరలో నీళ్ల బాటిళ్ల వెనకాల దాచిపెట్టి అమ్మేదాన్ని. నా అంగట్లో నా సరుకును నేనే దాచుకునేదాన్ని, చూడండి! రెండుసార్లు చెప్పి పోయినారు. మూడోసారి ఏప్రిల్ నెల నడిమధ్యలో ఆటో తెచ్చి ఫ్రిజ్ ఎత్తుకొని పోయినారు. తప్పంతా వాళ్లదే అని నేను అనను. సంతకం నాది. మీలో ఎవరైనా అట్లాంటి ఫ్రిజ్ తీసుకోవాలనుకుంటే తీసుకోండి, కరెంటు బిల్లు మీదే, సరుకు వాళ్లది, అది తెలిసి తీసుకోండి. ఆ కాగితం మాత్రం మన వీఓఏతో చదివించుకొని సంతకం పెట్టండి.

ఆ వారం కూర్చొని పుస్తకం తిరగేసినాను. సంఘంలో పుస్తకాలు రాయడం అలవాటైంది కాబట్టి అంగడికి కూడా ఒకటి రాసేదాన్ని. ఇరవై రూపాయల కంపెనీ సీసా మీద నాకు మిగిలేది రెండు మూడు రూపాయలు. పదిహేను రూపాయల మజ్జిగ మీద ఖర్చులు పోను ఏడు రూపాయలు. దాచిపెట్టి అమ్మితేనే అంత మిగిలితే, ఎదురుగా పెట్టి అమ్మితే ఎంత? అప్పుడే స్త్రీనిధి లోను అడగాలనుకున్నాను. 2011లో మన సమాఖ్యలు వాటా పెట్టి సర్కారుతో కలిసి పెట్టుకున్న సంస్థ అది, మనది మనమే అడుగుతున్నాం, సిగ్గెందుకు అని మా లీడరక్క అనింది. యాభై వేలు వచ్చింది. పదహారు వేలకు అనంతపురంలో సెకండ్ హ్యాండులో మూడు వందల లీటర్ల ఒంటి తలుపు అద్దాల ఫ్రిజ్ కొన్నాను. మిగతాది సీసాలకు, మిక్సీకి, కమర్షియల్ మీటరుకు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కు, బోర్డుకు పోయింది.

ఇంక నేను చేసిన తెలివితక్కువ పని వినండి. బాగా కనపడాలని ఫ్రిజ్‌ను రోడ్డు అంచుకు జరిపి, పడమర మొహంగా పెట్టినాను. తలుపు నిండా మామిడిపండ్లు, మంచుకొండలు ఉన్న స్టిక్కరు అంటించినాను. చూసినోళ్లంతా బాగుంది అన్నారు. అమ్మకం మాత్రం పెరగలేదు. మోటారు ఆగకుండా తిరుగుతా ఉంది, మజ్జిగ చల్లగా లేదు. ఒక రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, ఆగి ఉన్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చొని నా అంగడిని నేనే చూసినాను. ఫ్రిజ్‌లో ఏం కనపడిందంటే, నేనెక్కిన బస్సు కనపడింది! అద్దంలో బస్సు, రోడ్డు, ఎండ. సీసా ఒక్కటి కనపడలేదు.

మీ ఇంట్లోనే చూడండి. పగలు వాకిట్లో నుంచి కిటికీ అద్దంలోకి చూస్తే మన మొహమే కనపడుతుంది. రాత్రి లోపల లైటేస్తే ఇల్లంతా బయటికి కనపడుతుంది. ఫ్రిజ్ అద్దం కూడా అంతే. బయటి వెలుగు కంటే లోపలి వెలుగు ఎక్కువగా ఉంటే అద్దం మాయమై సరుకు కనపడుతుంది. ఎండతో పోటీపడే లైటు ఏ ఫ్రిజ్‌లోనూ ఉండదు. కాబట్టి లైటు పెంచడం కాదు, ముందు నీడ తేవాలి. ఫ్రిజ్‌ను నాలుగడుగులు వెనక్కి జరిపి, ముందుకు రేకు దించినాను. అద్దం మొహం ఉత్తరానికి తిప్పినాను. స్టిక్కరు గీకేసినాను. స్టిక్కరుకు పెట్టిన పన్నెండు వందలు పోయినట్లే. వెనక్కి జరిపిన మరుసటి రోజే, పోయే బస్సులో నుంచి ఒకాయన వేలు చూపించి "ఆ ఎర్రదేందమ్మా" అని అరిచినాడు. నన్నారి అది.

ఆ ఎర్ర రంగు కనపడటం వెనక ఇంకో సంగతి ఉంది. పాత ఫ్రిజ్‌లో పైన ఒక్కటే ట్యూబులైటు. పై అరకు వెలుగు, కింది అరలకు చీకటి, పైగా ఆ లైటు వేడి. మా ఊరి మెకానిక్ అబ్బాయి అది పీకేసి, తలుపు లోపలి అంచులకు రెండు వైపులా నిలువుగా ఎల్‌ఈడీ పట్టీలు అంటించినాడు. తడి తగిలినా పాడవ్వని రకం, పన్నెండు వోల్టులది. అడాప్టర్ ఫ్రిజ్ బయటే ఉండాలి. ఇప్పుడు అన్ని అరలకు సమానంగా వెలుగు. మజ్జిగ, బాదం పాలు, రోజ్ మిల్క్‌కి ఇట్లా ముందు నుంచి పడే వెలుగు సరిపోతుంది, ఎందుకంటే అవి చిక్కన, వెలుగు వాటిలో దూరదు. నన్నారి, నిమ్మ సోడా అట్లా కాదు. ముందు నుంచి వెలుగేస్తే నన్నారి నల్లగా, కషాయం మాదిరి కనపడుతుంది. దాని వెనకాల వెలుగుండాలి. ఆ అరకు మాత్రం వెనక తెల్లటి అక్రిలిక్ షీటు, దాని వెనక ఒక చిన్న పట్టీ పెట్టించినాను. గాలి తిరగడానికి షీటు చుట్టూ వేలు పట్టేంత సందు వదిలినాము. ఇప్పుడది కెంపు రాయి మాదిరి ఉంటుంది. రంగు కలపమని సలహా ఇచ్చినోళ్లున్నారు. కలపలేదు, అవసరమూ రాలేదు. సుగంధి వేరుకు, పాకానికి ఉన్న రంగు చాలు.

సర్దే పద్ధతి గురించి రెండు మాటలు. నీళ్ల బాటిళ్లను కళ్ల ఎదురుగా పెట్టకండి. దప్పికైనోడు నీళ్లు అడిగి మరీ తీసుకుంటాడు, యాడ పెట్టినా అమ్ముడుపోతాయి, అడుగు అరలో వేయండి. నిలబడినోళ్ల కళ్లకు ఎదురుగా వచ్చే అరలో మన సరుకు పెట్టాలి. పిల్లల కంటికి అందేది కింది నుంచి రెండో అర, రోజ్ మిల్క్ అక్కడ. తెల్ల మజ్జిగ పక్కన ఎర్ర నన్నారి, దాని పక్కన పసుపు బాదం పాలు, ఇట్లా వేరు వేరు రంగులు పక్కపక్కన పెడితే ఒకదానివల్ల ఒకటి కనపడుతుంది. ముందు వరస ఎప్పుడూ నిండుగా ఉండాలి. సరుకు తక్కువుంటే సీసాలన్నీ ముందుకు జరపండి. సగం ఖాళీ అర చూస్తే నిన్నటి సరుకు అనుకుంటారు. కొత్తవి వెనక, పాతవి ముందు. ధర పెద్ద అంకెల్లో రాయండి. బస్సులో ఉన్నోళ్లు ధర అడగడానికి దిగరు, అంకె కనపడితే చిల్లర చేతిలో పట్టుకొని దిగుతారు. ఇది నేను కళ్లారా చూసిన మాట.

ఫ్రిజ్ కొనేటప్పుడు చూడాల్సినవి కూడా ఉన్నాయి. అద్దం రెండు పొరలదా, ఒక పొరదా అడగండి. ఒక పొరదైతే వానాకాలంలో బయట చెమ్మ పట్టి ఏమీ కనపడదు, రోజంతా గుడ్డతో తుడుస్తా కూర్చోవాలి. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్లు, చల్లదనం అక్కడి నుంచే పోతుంది. మాది రెండు చోట్ల జారింది, అది చెప్పి వెయ్యి రూపాయలు తగ్గించుకొని కొత్త రబ్బరు వేయించినాను. మోటారు దగ్గర జాలి ఉంటుంది. రోడ్డు దుమ్ము దాన్ని నెల రోజుల్లో మూసేస్తుంది. బ్రష్షుతో నెలకోసారి దులపాలి, ప్లగ్గు తీసి. ఎండలో పెట్టి, దుమ్ము దులపకుండా ఉన్నప్పుడు మీటరులో రోజుకు ఆరు యూనిట్లకు పైనే తిరిగేది. ఇప్పుడు నాలుగు దాటదు.

ఇంత తెలిసినా ఒక దెబ్బ తగిలింది. జూన్‌లో గాలివానకు రాత్రి తొమ్మిదికి కరెంటు పోయి తెల్లారి వచ్చింది. పొద్దున అంగడి తీసేసరికి ఫ్రిజ్ మళ్లీ చల్లగానే ఉంది. ముప్పై ఆరు సీసాల బాదం పాలు చూడటానికి బాగానే ఉన్నాయి. లైటు కింద మెరుస్తానే ఉన్నాయి. చల్లదనం చూసి అమ్మేసేదాన్నే. మా పాప లోపల పెట్టిన చిన్న థర్మామీటరు సంగతి గుర్తుచేసింది. అది ఎంత వేడి వరకు పోయిందో చూపించే రకం. పద్దెనిమిది డిగ్రీలు చూపించింది. పాలతో చేసినవి ఐదు డిగ్రీల లోపల ఉండాలి. ముప్పై ఆరూ పారబోసినాను. ఆ నెల కంతు కట్టలేకపోయినాను.

సంఘం మీటింగులో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఒక అక్క కోపంగా, "ఎవరికీ తెలీదు కదా, అమ్మేసుంటే కంతు కట్టుండేదానివి" అనింది. ఆమె తప్పు కాదు, నా కంతు తప్పితే సంఘం గ్రేడు పడిపోతుంది, అందరి లోన్లూ ఆగుతాయి. అప్పుడు ఇంకో అక్క లేచి, "ఆ బాదం పాలు తాగేది బస్సులో పోయే ఎవరి పిల్లలో. మన బిడ్డలు కూడా అదే బస్సెక్కుతారు" అనింది. ఎవరూ మాట్లాడలేదు. పొదుపు నుంచి అంతర్గత అప్పుగా నా కంతు కట్టినారు. రెండు నెలల్లో తీర్చినాను. అప్పటి నుంచి బాదం పాలు ఏ రోజుకారోజు, పన్నెండు సీసాలే చేస్తాను. కరెంటు పోతే వేసుకోవడానికి ఇంట్లో డీప్ ఫ్రిజ్‌లో ఉప్పునీళ్ల బాటిళ్లు గడ్డకట్టించి పెట్టుకుంటాను, అవి నాలుగు లోపల పెట్టి తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటలు ఆగుతుంది.

ఇప్పుడు లోను అడిగిన వాళ్లలో ముగ్గురు నిన్న నా అంగడికి వచ్చి చూసినారు. ఒకామెది మెయిన్ రోడ్డు కాదు, బడి పక్కన. ఆమెకు మూడు వందల లీటర్లది వద్దు, వంద లీటర్లది టేబుల్ మీద పెట్టేది చాలని చెప్పినాను. కంతు కూడా సగమవుతుంది. మిగతా వాళ్లు కొనేముందు చెప్తే నేనూ, మెకానిక్ అబ్బాయీ వచ్చి చూస్తాం. బస్సు చార్జీ ఇస్తే చాలు.

ఏపీఎం సార్ గడియారం చూస్తున్నారు. బయట వేపచెట్టు కింద టేబుల్ మీద సీసాలు పెట్టినాను. మజ్జిగ మాత్రం ఐస్ డబ్బాలో ఉంది, ఐస్ కరగకముందే ముందు అవి తాగండి. ఖాళీ సీసాలు పారేయొద్దు, వెనక్కి ఇవ్వండి.