పార్శ్వపు నొప్పికి గురిగల మందు



నా బాల్యమున మా తల్లికి నెలకు రెండు మూడు మారులు పార్శ్వపు నొప్పి వచ్చుచుండెను. తలకు గుడ్డ బిగించి, కణతలకు శొంఠిగంధము పట్టించుకొని, చీకటి గదిలో పండుకొనుచుండెను. దీపపు వెలుగును, మా మాటల సవ్వడిని ఆమె ఓర్వలేకుండెను. ఆ నొప్పికి పిదప దొరకిన మందును గూర్చి నేడు కొంత విన్నవించెదను.

మన నెత్తుటిలో సెరటోనిన్ అను పదార్థ మొకటి కలదు. 1948వ సంవత్సరమున అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున రాపోర్ట్, గ్రీన్, పేజ్ అను మువ్వురు దీనిని పశురక్తమునుండి వేరుచేసిరి. రక్తనాళములను బిగించు గుణము దీనికి గలదు. 1953లో ఇది మెదడునందును ఉన్నట్లు తెలిసెను. అయినను దేహమందలి సెరటోనిన్‌లో అధికభాగము ప్రేగులలోనే యుండును.

ఒక్క పదార్థము ఇన్ని తావుల ఇన్ని పనులు చేయుట యెట్లు? ఇల్లొకటే యైనను గదికొక తాళమున్నట్లు, దీనిని అందుకొను గ్రాహకములు కణములపై వేరువేరు రకములుగా నున్నవి. 1957లో గాడమ్, పికరెల్లి అనువారు గినీపంది ప్రేగుపై పరీక్షించి రెండు రకములను చూపిరి. నేడు 14 రకములు తెలిసియున్నవి. సెరటోనిన్ వీని నన్నిటిని తెరచు తాళపుచెవి. దానినే సూదిమందుగా నిచ్చిన తలనొప్పి తగ్గవచ్చును గాని, వికారము, ఆయాసము మున్నగునవి తోడగును. కావలసినది ఒక్క గదిని మాత్రమే తెరచు చెవి.

ఇంగ్లండులో గ్లాక్సో సంస్థయందలి హంఫ్రీ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1972 మొదలు ఇట్టి చెవికై వెదకిరి. తలలోని రక్తనాళములను బిగించు సుమట్రిప్టాన్ వారికి లభించెను. 1991లో అది విపణికి వచ్చెను. ఆ కాలముననే, వేరొక తాళమును మూసివేయు ఆండాన్‌సెట్రాన్ వచ్చి, క్యాన్సరు చికిత్సలో కలుగు వాంతులను అణచెను.

గురి తప్పిన కీడును గలదు. బరువు తగ్గుటకై వాడిన ఫెన్‌ఫ్లురమిన్, గుండె కవాటములపై గల గ్రాహకమును సయితము కదలించి వానిని చెరచెను. 1997లో అమెరికాయందు దానిని విపణినుండి తొలగించిరి.

మా తల్లికి సుమట్రిప్టాన్ మాత్ర రెండు గంటలలో ఉపశమన మిచ్చుచుండెను. కొన్నేండ్లకు ఆమెకు గుండెనొప్పి వచ్చెను. వైద్యుడు వెంటనే ఆ మాత్రను మాన్పించెను. తలలోని తాళమువంటిదే గుండె రక్తనాళములపైనను కొలదిగా కలదనియు, అవి బిగిసిన ప్రాణాపాయమనియు చెప్పెను. "తలకు చుట్టమైనది గుండెకు పగయా?" అని మా తల్లి నిట్టూర్చి, మరల గుడ్డ బిగించుకొనెను. నాళములను బిగింపక నరములపై పనిచేయు లాస్మిడిటాన్‌ను 2019లో అమెరికాయందు అనుమతించిరి. అది పుచ్చుకొన్నవారు 8 గంటలవరకు బండి నడుపరాదు. మా తల్లి దానిని చూడకయే కన్నుమూసెను.

కావున పెద్దలారా, ఒకరికి మేలుచేసిన మాత్రను పొరుగువారికి పంచిపెట్టకుడు. గుండెజబ్బు, పక్షవాతము, అదుపులేని రక్తపోటు గలవారు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలుపవలయును. చెవి మంచిదే, ఏ యింటి తాళమునకు దానిని పెట్టుచున్నామో యెరిగి పెట్టవలయును.