అంగారకుని నల్లరాయి

మన పోచంపల్లిని కలుపుకొన్న ఈ మెట్టసీమయందు గ్రానైటు గుట్టలను చీల్చుకొనిపోవు నల్లరాతి బారులను మీరెరుగుదురు. అవి ఒకప్పుడు భూగర్భమునుండి పైకెగసిన కరగిన రాతిద్రవము. పటికబెల్లపు పాకమువలెనే, అది మెల్లగా చల్లారిన స్ఫటికములు పెద్దవగును. త్వరగా చల్లారిన సన్నములగును.

1865 ఆగస్టు 25న బీహారులోని షెర్ఘాటీ చెంత ఆకాశమునుండి సుమారు 5 కిలోల రాయి పడెను. అదియు బసాల్టుజాతిదే. అందలి స్ఫటికముల నడుమ మెగ్నీషియము, అంచుల ఇనుము హెచ్చు. అనగా నడిభాగము ముందుగా ఏర్పడి, మిగిలిన ద్రవమునుండి అంచులు పిదప పెరిగినవి. అదే జాతికి చెందిన వేరొక శిలలో చిక్కిన వాయువు, 1976లో వైకింగు నౌకలు అంగారకునిపై కొలిచిన వాయువుతో సరిపోయెను. భూమియందైనను అంగారకునియందైనను చల్లారు ధర్మమొక్కటే.

షెర్ఘాటీ రాయిని భద్రపరుపకున్న ఈ జ్ఞానము మనకు దక్కకపోయెడిది. కావున మీ పొలమున ఎన్నడైన ఆకాశశిల పడినచో, పగులగొట్టి పంచుకొనక, జియలాజికల్ సర్వేవారికి అప్పగింపుడు.