ధ్వని పరికరం నమోదు: ముందుగానా, తర్వాతనా?



మీరు కంప్యూటర్‌కు ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలించారనుకోండి. పాట చక్కగా వినిపిస్తోంది. కానీ ఆన్‌లైన్ తరగతిలో సమాధానం చెప్పబోతే మీ గొంతు అవతలివారికి చేరడం లేదు. మైకు పాడైందనుకుంటాం. అదే హెడ్‌సెట్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే మైకు పనిచేస్తుంది! మరి లోపం ఎక్కడ ఉన్నట్లు? ఈనాటి పాఠంలో అది తెలుసుకుందాం.

లైనక్స్ కెర్నెల్ 1991లో మొదలైంది. అందులో ధ్వని వ్యవహారాలు చూసే విభాగం పేరు ఆల్సా. 1998లో ప్రారంభమైన ఈ ప్రాజెక్టు, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో అందరికీ అందింది. ఆల్సాలో ప్రతి డ్రైవర్ మూడు పనులు వరుసగా చేయాలి. ముందు ఒక ‘కార్డు’ను సృష్టించాలి. తర్వాత దానికి వినిపించే దారి, రికార్డు చేసే దారి, శబ్దం హెచ్చుతగ్గుల మీటలు అమర్చాలి. చివరగా కార్డును నమోదు చేయాలి. నమోదు జరిగేవరకు బయటి ప్రోగ్రాములకు ఆ పరికరం కనిపించదు. నమోదైన మరుక్షణం ఎవరైనా దాన్ని తెరవవచ్చు.

పెళ్ళి పంక్తిని గుర్తు చేసుకోండి. విస్తరిలో అన్నీ వడ్డించాకే పెద్దవారు “ఇక కానివ్వండి” అంటారు. నమోదు అంటే ఆ మాటే. పప్పు రాకముందే ఆ మాట అనేస్తే ఏమవుతుంది? సరిగ్గా అదే జరిగింది.

యూఎస్‌బీ పరికరంలో ‘ఇంటర్‌ఫేస్‌లు’ అనే భాగాలు ఉంటాయి. కెర్నెల్ ఈ భాగాలను ఒక్కొక్కటిగా డ్రైవర్‌కు అప్పగిస్తుంది. అప్పట్లో ధ్వని డ్రైవర్ మొదటి భాగం అందగానే కార్డును నమోదు చేసేది. చాలా పరికరాలకు ఇది సరిపోయింది. కానీ కింగ్‌స్టన్ హైపర్‌ఎక్స్ ఆంప్ అనే పరికరంలో రెండు ఇంటర్‌ఫేస్‌లున్నాయి. రికార్డు చేసే దారి రెండవదానిలో మాత్రమే ఉంది. అది వచ్చేసరికి మొదటిది నమోదైపోయింది. నమోదైన దానిలో కలవలేక మైకు దారి విడిగా నిలిచిపోయింది. పప్పు వేరే విస్తరిలో పడిందన్నమాట! రెండు దారులనూ ఒకేచోట వెతికే ప్రోగ్రాముకు మైకు లేనట్లే.

2020లో దీనికొక సవరణ వచ్చింది. ఈ పరికరం కనిపిస్తే మొదటి ఇంటర్‌ఫేస్ వద్ద నమోదు చేయకుండా ఆగమని డ్రైవర్‌కు చెప్పారు. రోగం కుదిరింది. కానీ ఇలాంటి పరికరాలు ఇంకా బయటపడుతుంటే, ఒక్కొక్కదాని పేరూ జాబితాలో చేర్చుకుంటూ పోవాలి. కొత్త పరికరం కొన్నవారు తమ వంతు వచ్చేదాకా మూగగా కూర్చోవలసిందేనా?

అందుకే 2022లో అందరికీ వర్తించే పద్ధతి తెచ్చారు. పరికరం తగిలించగానే డ్రైవర్ దాని వివరాల పట్టికను మొత్తం చదువుతుంది. తనకు సంబంధించిన చివరి ఇంటర్‌ఫేస్ ఏదో గుర్తుపెట్టుకుంటుంది. అది అందాకే కార్డును నమోదు చేస్తుంది. ఆలస్యంగా నమోదు చేయవలసిన పరికరాల జాబితాతో ఇక పనిలేకపోయింది.

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటున్నారా? లేదు. కొన్ని పరికరాల్లో మొదటి భాగాన్ని చూస్తూనే డ్రైవర్ మిగతా భాగాలను కూడా తనే తీసేసుకుంటుంది. కాబట్టి చివరి భాగం కోసం మళ్ళీ పిలుపు రాదు. డ్రైవర్ రాని పిలుపు కోసం ఎదురుచూసింది. కార్డు అసలు నమోదే కాలేదు. మైకుతోపాటు పాట కూడా పోయింది! చివరి భాగం ఇప్పటికే తన చేతిలో ఉంటే వెంటనే నమోదు చేయాలనే మరో సవరణను అదే ఏడాది చేర్చారు.

విద్యార్థులారా, గమనించండి. తొందరపడితే ఒక లోపం, అతిగా ఆగితే మరొక లోపం. మొదటి సవరణ ఒక పరికరాన్ని బాగుచేసింది. రెండవది కారణాన్ని పట్టుకుంది. అయితే “ప్రతి భాగానికీ పిలుపు వస్తుంది” అనే ఊహను పరీక్షించకుండా నమ్మింది. ప్రోగ్రాము రాసేవారికి తెలివి ఎంత అవసరమో, తన సవరణనే మళ్ళీ సరిదిద్దుకునే నిజాయితీ కూడా అంతే అవసరం.

ఇంటిపని: లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో ‘ప్రాక్’ డైరెక్టరీ తెరిచి, అందులోని ‘ఎసౌండ్’లో ‘పీసీఎం’ అనే ఫైలు చదవండి. ప్రతి వరుసలో ఒక పరికరం ఉంటుంది. దాని ఎదురుగా ప్లేబ్యాక్, క్యాప్చర్ అనే మాటలు రెండూ ఉన్నాయా, ఒకటే ఉందా? మీ నోటు పుస్తకంలో రాసుకోండి. మైకు పనిచేయనప్పుడు వస్తువును పారేయడానికి ముందు చూడవలసిన చోట్లలో అదొకటి.